చక్రాల కుర్చీ – హామీపత్రం

ఇంట్లో గోడ గడియారం ఆగిపోతే ఎవరి పనీ ఆగదు. పక్కింటివారిని అడిగి వేళ తెలుసుకోవచ్చు. మిక్సీ చెడిపోతే రోలు ఉంది. సైకిలు పాడైతే నాలుగు రోజులు నడిచి వెళ్లవచ్చు. చెడిపోయిన వస్తువు బాగుపడి వచ్చేదాకా మనిషి ఏదో ఒక విధంగా సర్దుకుంటాడు. కాని నడవలేని మనిషి వాడే చక్రాల కుర్చీ విరిగితే సర్దుకోవడానికి ఏమీ మిగలదు. ఆ కుర్చీయే అతని కాళ్లు. అది మరమ్మతుకు వెళ్లినన్ని రోజులు అతడు మంచం మీదనో, ఇంటి మూలనో ఉండిపోవాలి. చెవులు వినపడనివారికి వినికిడి యంత్రం, కాలు పోయినవారికి కృత్రిమ పాదం కూడా ఇటువంటివే. ఇవి డబ్బిచ్చి కొనే వస్తువులే. అయినా ఇతర వస్తువుల వంటివి కావు. అందువల్ల వీటిని కొన్నప్పుడు దుకాణదారు చేతికిచ్చే చిన్న కాగితం, అంటే హామీపత్రం, చాలా విలువైనది.

శరీరంలో ఏదైనా ఒక అవయవం చేయలేని పనికి తోడ్పడే సాధనాలను సహాయక పరికరాలు అంటారు. చంకకర్రలు, చేతికర్రలు, నడకకు ఆసరా ఇచ్చే వాకరు, కాలికి కట్టుకునే కాలిపరు, కృత్రిమ కాలు, చేతితో తిప్పే మూడు చక్రాల బండి, బ్యాటరీతో నడిచే కుర్చీ, వినికిడి యంత్రం, అంధులు వాడే తెల్లకర్ర, బ్రెయిలీ పలక – ఇవన్నీ సహాయక పరికరాలే. చూపు మందగించినవారు పెట్టుకునే కళ్లద్దాలు కూడా ఈ కోవలోనివే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2022లో ఒక నివేదికను ప్రకటించాయి. ప్రపంచంలో 250 కోట్లకు పైగా జనానికి ఏదో ఒక సహాయక పరికరం అవసరమని, వారిలో దాదాపు 100 కోట్ల మందికి అది అందడం లేదని ఆ నివేదిక తెలిపింది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో వికలాంగుల సంఖ్య సుమారు 2 కోట్ల 68 లక్షలు. వృద్ధాప్యం వల్ల, ప్రమాదాల వల్ల నడక తగ్గినవారు కూడా ఈ పరికరాలను వాడుతుంటారు. కాబట్టి ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన విషయం కాదు. ఏ వీధిలో చూసినా ఇటువంటి పరికరం అవసరమైనవారు ఒకరైనా కనిపిస్తారు.

హామీ అంటే మాట ఇవ్వడం. ఒక వస్తువు ఇంతకాలం సరిగా పనిచేస్తుందని, ఆ లోపల తయారీలోని లోపం వల్ల చెడిపోతే బాగుచేసి ఇస్తామని లేదా మార్చి ఇస్తామని తయారుచేసినవారు కొన్నవారికి ఇచ్చే మాటే హామీ. దీనినే వాడుకలో వారంటీ అంటారు. వ్యాపారులు గ్యారంటీ అనే మాటను కూడా వాడుతుంటారు. పేరు ఏదైనా అందులో ఏమి రాశారన్నదే ముఖ్యం. ఎంతకాలం? ఏ భాగాలకు? ఎవరు బాగుచేస్తారు? రవాణా ఖర్చు ఎవరిది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు హామీపత్రంలో దొరకాలి. నోటిమాట నీటిమీది రాత వంటిది. కాగితం మీద ఉన్న మాట నిలుస్తుంది.

ఈ విషయాన్ని ఒక ఉదాహరణతో పరిశీలించవచ్చు.

మహారాష్ట్రలోని షోలాపూరులో తరతరాలుగా తెలుగు కుటుంబాలు స్థిరపడి ఉన్నాయి. వారిలో నేతపనివారు ఎక్కువ. అక్కడ మరమగ్గం మీద పనిచేసే ఒకాయనకు తొమ్మిదో తరగతి చదివే కూతురు ఉందనుకుందాం. చిన్నప్పుడు వచ్చిన జబ్బు వల్ల ఆ అమ్మాయికి కాళ్లలో బలం లేదు. ఇంతకాలం తండ్రి ఆమెను సైకిలు మీద కూర్చోబెట్టుకొని బడిలో దింపేవాడు. కూతురు పెద్దదైంది. చక్రాల కుర్చీ కొనాలని ఇంట్లో అందరూ అనుకున్నారు. బంధువుల పెళ్లికి హైదరాబాదు వెళ్లినప్పుడు తండ్రి అక్కడి దుకాణంలో ఒక మడత కుర్చీని చూశాడు.

“బడి ఇంటికి ఎంత దూరమండీ?” అని దుకాణదారు అడిగాడు.

“అర కిలోమీటరు ఉంటుంది. దారిలో గతుకులు ఉన్నాయి. రోజూ పోయి రావాలి” అన్నాడు తండ్రి.

“ఏం ఫరవాలేదు. ఇది తట్టుకుంటుంది. ఏడాది వారంటీ కూడా ఉంది” అన్నాడు దుకాణదారు.

తండ్రి డబ్బు చెల్లించి, బిల్లు, హామీపత్రం తీసుకొని కుర్చీని షోలాపూరుకు తెచ్చాడు. అమ్మాయి తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ బడికి వెళ్లడం మొదలుపెట్టింది. రెండు నెలలు గడిచాయి. ఒకనాడు బడి నుంచి వస్తుండగా ముందున్న చిన్న చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప కొమ్మ అతుకు దగ్గర విరిగింది. తండ్రి ఫోను చేస్తే కుర్చీని హైదరాబాదుకు పంపమన్నారు. పంపితే మూడు వారాలకు బాగై వచ్చింది. మరో నెలకు అదే చోట మళ్లీ విరిగింది. ఈసారి దుకాణదారు మాట మారింది. “గతుకుల్లో తిప్పారు. అది వాడకంలో పొరపాటు. దీనికి వారంటీ రాదు” అన్నాడు.

ఇప్పుడు ఆ తండ్రి ఏమి చేయాలి? చట్టం అతనికి ఏమి ఇస్తుంది?

మొదట వస్తువుల అమ్మకానికి సంబంధించిన పాత చట్టాన్ని చూడాలి. మన దేశంలో వస్తు విక్రయ చట్టం 1930 నుంచి అమలులో ఉంది. కొనేవాడు తనకు ఆ వస్తువు ఏ పనికి కావాలో అమ్మేవాడికి తెలియజేసి, అతని అనుభవాన్ని నమ్మి కొంటే, ఆ వస్తువు ఆ పనికి తగినదై ఉండాలని ఆ చట్టంలోని 16వ విభాగం చెబుతోంది. అమ్మే వ్యక్తి అటువంటి వస్తువులతో మామూలుగా వ్యాపారం చేసేవాడై ఉండాలి. ఈ షరతును ఎవరూ కాగితం మీద రాయనక్కరలేదు. అమ్మకంలోనే అది ఇమిడి ఉంటుంది. పై ఉదాహరణలో తండ్రి దూరం చెప్పాడు, గతుకులు చెప్పాడు, రోజూ వాడుతామని చెప్పాడు. దుకాణదారు తట్టుకుంటుందని బదులిచ్చాడు. కాబట్టి తరువాత గతుకులను సాకుగా చూపడం న్యాయం కాదు. వీధిలో తిరగడానికి అమ్మిన కుర్చీ వీధిలో తిరిగినందువల్ల హామీ పోదు. కొనేటప్పుడు అవసరాన్ని దాచకుండా చెప్పడం, వీలైతే బిల్లు మీదనే రెండు మాటలు రాయించుకోవడం ఎందుకు మంచిదో దీనివల్ల తెలుస్తుంది.

రెండవది వినియోగదారుల రక్షణ చట్టం. 1962 మార్చి 15న అమెరికా అధ్యక్షుడు జాన్ కెనెడీ ఆ దేశ కాంగ్రెసుకు పంపిన సందేశంలో వినియోగదారుల హక్కులను ప్రస్తావించాడు. ఆ తేదీనే ప్రపంచ వినియోగదారుల హక్కుల దినంగా పాటిస్తున్నారు. మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టానికి 1986 డిసెంబరు 24న రాష్ట్రపతి ఆమోదం లభించింది. అందువల్ల డిసెంబరు 24 జాతీయ వినియోగదారుల దినం అయింది. ఆ చట్టం వల్ల జిల్లాల్లో వినియోగదారుల ఫోరాలు ఏర్పడ్డాయి. కాలం మారి, ఇంటి నుంచే వస్తువులు తెప్పించుకునే రోజులు వచ్చాయి. అప్పుడు పాత చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టాన్ని చేశారు. అది 2020 జూలైలో అమలులోకి వచ్చింది. జిల్లా ఫోరం ఇప్పుడు జిల్లా కమిషన్ అయింది.

ఈ చట్టం ప్రకారం వినియోగదారుడు ఎవరు? డబ్బిచ్చి వస్తువును కొన్నవాడు ఒక్కడే కాదు. కొన్నవాడి సమ్మతితో ఆ వస్తువును వాడేవారు కూడా వినియోగదారులే. పై ఉదాహరణలో డబ్బు చెల్లించినవాడు తండ్రి. కుర్చీని వాడేది కూతురు. ఇద్దరికీ హక్కు ఉంది. కొని తిరిగి అమ్ముకునేవారికి, పెద్ద వ్యాపారానికి వాడేవారికి ఈ చట్టం వర్తించదు. అయితే స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నవారిని చట్టం వదిలివేయలేదు. మూడు చక్రాల మోటారు బండి కొని, దాని మీద కూర్చొని వీధుల్లో గాజులో, పండ్లో అమ్ముకునే వికలాంగుడు కూడా వినియోగదారుడే.

కొన్ని బిల్లుల మీద “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” అని అచ్చువేసి ఉంటుంది. దాన్ని చూసి చాలామంది నోరు మూసుకొని వెనుదిరుగుతారు. లోపమున్న వస్తువు విషయంలో ఆ వాక్యానికి బలం లేదు. బిల్లులో చెప్పిన గడువులోగా, ఏ గడువూ చెప్పకపోతే 30 రోజుల్లోగా, లోపమున్న వస్తువును వెనక్కు తీసుకొని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరించడం అక్రమ వ్యాపార పద్ధతి అని 2019 చట్టం పేర్కొంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అక్రమమే. ఇంటర్నెట్ ద్వారా వస్తువులు అమ్మేవారికి 2020లో ప్రత్యేక నియమాలు చేశారు. లోపమున్న వస్తువును గాని, ప్రకటనలో చూపిన దానికి భిన్నంగా ఉన్న వస్తువును గాని వెనక్కు తీసుకోబోమని వారు అనడానికి వీలులేదు.

2019 చట్టంలో మరో ముఖ్యమైన అంశం ఉంది. వస్తువు వల్ల హాని కలిగితే తయారీదారు బాధ్యత వహించాలని అందులో ఒక అధ్యాయమే చేర్చారు. వస్తువు తాను ఇచ్చిన హామీకి తగినట్లు లేకపోతే, “నేను అజాగ్రత్తగా లేను, మోసం చేయలేదు” అని తయారీదారు రుజువు చేసుకున్నా తప్పించుకోలేడు. కదులుతున్న కుర్చీ చక్రం ఊడి కూర్చున్నవారు పడిపోతే అది వస్తువు చెడిపోవడం మాత్రమే కాదు, మనిషికి గాయం. వెన్నెముక దెబ్బతిన్నవారికి అటువంటి పాటు ప్రాణాపాయం కావచ్చు. అందువల్ల సహాయక పరికరాల విషయంలో ఈ అధ్యాయం ఎంతో అవసరమైనది.

అయితే ప్రతి ఇబ్బందీ తయారీ లోపం కాదు. ఇక్కడ మూడు విషయాలను వేరువేరుగా చూడాలి. మొదటిది లోపం. అతుకు సరిగా లేకపోవడం, బ్రేకు పట్టకపోవడం, కొత్త బ్యాటరీ చార్జి నిలుపుకోకపోవడం లోపాలు. రెండవది అరుగుదల. టైర్లు అరగడం, కూర్చునే గుడ్డ నలగడం, వినికిడి యంత్రంలోని చిన్న బ్యాటరీ అయిపోవడం వాడకం వల్ల సహజంగా జరిగేవి. హామీపత్రాలు సాధారణంగా వీటిని మినహాయిస్తాయి. బ్యాటరీకి వేరే గడువు రాసి ఉండవచ్చు. మూడవది కొలత కుదరకపోవడం. కుర్చీ వెడల్పు ఎక్కువైతే కూర్చున్న మనిషి ఒక పక్కకు ఒరిగిపోతాడు. తక్కువైతే తుంటి దగ్గర ఒరుసుకొని పుండ్లు పడతాయి. స్పర్శ లేనివారికి ఆ పుండు ముదిరేదాకా తెలియదు. కొలతలు తీసుకోకుండా “అందరికీ ఇదే సరిపోతుంది” అని అంటగట్టడం అమ్మినవారి తప్పు. పిల్లలు ఎదిగి, సరిపోయిన కుర్చీ చిన్నదైతే అది ఎవరి తప్పూ కాదు. ఈ తేడా తెలిసినవారు అడగవలసినదాన్ని గట్టిగా అడుగుతారు, అడగరానిదాన్ని అడగరు. అటువంటివారి మాటకు విలువ ఉంటుంది.

ఇక షోలాపూరు తండ్రి చేయవలసిన పనులు ఏమిటి? మొదట అతడు దుకాణదారుకు, తయారుచేసిన కంపెనీకి ఉత్తరం రాయాలి. కుర్చీ ఎప్పుడు కొన్నాడు, ఎప్పుడెప్పుడు విరిగింది, ఎన్ని రోజులు మరమ్మతులో ఉంది, ఇప్పుడు ఏమి కోరుతున్నాడు – ఇవన్నీ తేదీలతో సహా రాయాలి. విరిగిన చోటును ఫోటో తీసి జతచేయాలి. బిల్లు, హామీపత్రం అసలు ప్రతులను పంపకూడదు. నకళ్లు మాత్రమే పంపాలి. ఉత్తరాన్ని స్పీడు పోస్టులో పంపి రసీదును దాచుకోవాలి. కుర్చీని మరమ్మతుకు ఇచ్చిన ప్రతిసారీ తేదీ వేసిన చీటీ అడిగి తీసుకోవాలి. చాలా తగాదాల్లో వినియోగదారుడు ఓడిపోయేది న్యాయం లేక కాదు, కాగితం లేక.

ఉత్తరానికి జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం ఉంది. 1915 అనే నంబరుకు ఫోను చేయవచ్చు. దానికి ఖర్చు లేదు. తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లో మాట్లాడవచ్చు. సొంత రాష్ట్రానికి దూరంగా స్థిరపడినవారికి ఇది పెద్ద సౌకర్యం. కొందరు పెద్దలకు మరాఠీ, కన్నడం, తమిళం, ఒడియా మాట్లాడడం వచ్చినా, తగాదా వివరాలను ఆ భాషల్లో చెప్పడం కష్టమవుతుంది. తమ మాటలో చెప్పుకోగలిగితే సగం భయం పోతుంది. ఈ కేంద్రం తీర్పు ఇవ్వదు. ఫిర్యాదును కంపెనీకి పంపి, ఇరువురికీ రాజీ కుదర్చడానికి ప్రయత్నిస్తుంది. కొన్ని ఫిర్యాదులు ఈ మెట్టు దగ్గరే పరిష్కారమవుతాయి.

అక్కడ కూడా పని కాకపోతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు చేయాలి. ఇక్కడే కొత్త చట్టం చేసిన మేలు స్పష్టంగా కనిపిస్తుంది. పాత చట్టం ప్రకారం, అమ్మినవారు ఉన్న చోట గాని, తగాదాకు కారణం ఏర్పడిన చోట గాని ఫిర్యాదు చేయవలసి వచ్చేది. షోలాపూరు కుటుంబం హైదరాబాదు కంపెనీ మీద ఫిర్యాదు చేయాలంటే సాధారణంగా హైదరాబాదు వెళ్లవలసిందే. వాయిదా ఉన్న ప్రతిసారీ సుమారు 300 కిలోమీటర్లు ప్రయాణం చేయాలి. ఒక్కో ప్రయాణానికి రెండు రోజుల కూలి పోతుంది. ఆ లెక్క చూసుకొని చాలామంది ఫిర్యాదునే మానుకునేవారు. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే, లేదా పనిచేసే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. హైదరాబాదులో కొన్న కుర్చీకి షోలాపూరులో, విశాఖపట్నంలో కొన్న కుర్చీకి బరంపురంలో, చెన్నైలో కొన్న కుర్చీకి బళ్లారిలో న్యాయం అడగవచ్చు. రాష్ట్రాల సరిహద్దుల దగ్గర నివసించేవారు, పక్క రాష్ట్రంలో బంధువులున్నవారు ఈ సంగతి తప్పక గుర్తుంచుకోవాలి.

చెల్లించిన ధర 50 లక్షల రూపాయలు మించని వస్తువుల మీద ఫిర్యాదులను జిల్లా కమిషన్ విచారిస్తుంది. 5 లక్షల రూపాయల వరకు ఏ రుసుమూ లేదు. దాదాపు అన్ని సహాయక పరికరాలూ ఈ పరిమితిలోకే వస్తాయి. వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు. ఫిర్యాదుదారు తానే వెళ్లి తన మాట చెప్పుకోవచ్చు. ఇంటర్నెట్ ద్వారా దాఖలు చేసే ఏర్పాటు కూడా ఉంది. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాలలోగా దాఖలు చేయాలి. లోపం ఉందో లేదో చూడగానే తేలకపోతే కమిషన్ ఆ వస్తువును పరీక్షకు ప్రయోగశాలకు పంపుతుంది. అతుకు విరిగింది వాడకం వల్లనా, ఇనుములో లోపం వల్లనా అన్న వాదం అక్కడ తేలుతుంది.

ఫిర్యాదు నిజమని తేలితే కమిషన్ వస్తువులోని లోపాన్ని సరిచేయమని ఆదేశించవచ్చు. లోపం లేని కొత్త వస్తువును ఇవ్వమనవచ్చు. ధరను వడ్డీతో సహా తిరిగి చెల్లించమనవచ్చు. అజాగ్రత్త వల్ల కలిగిన నష్టానికి పరిహారం ఇప్పించవచ్చు. వినియోగదారుడు పడిన మనోవేదనకు, వేధింపుకు కూడా పరిహారం ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో తీర్పు చెప్పింది. ఆదేశాన్ని పాటించనివారికి జైలుశిక్ష గాని, జరిమానా గాని, రెండూ గాని విధించే అధికారం కమిషన్‌కు ఉంది.

ఇంతవరకు చట్టం చేసిన మేలు కనిపించింది. చట్టం చేరుకోని చోటు కూడా ఒకటి ఉంది. ప్రయోగశాల పరీక్ష అవసరం లేని ఫిర్యాదును 3 నెలల్లో, అవసరమైనదాన్ని 5 నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతోంది. టీవీకో, ఫ్రిజ్‌కో అయితే 3 నెలలు ఓర్చుకోవచ్చు. కుర్చీ లేని అమ్మాయికి 3 నెలలంటే బడిలో ఒక పరీక్ష. అది తప్పితే ఒక విద్యాసంవత్సరమే పోవచ్చు. మరమ్మతు జరిగే రోజుల్లో మరో కుర్చీని తాత్కాలికంగా ఇవ్వాలని వినియోగదారుల రక్షణ చట్టంలో ప్రత్యేకంగా రాయలేదు. అది కావాలంటే కొనేటప్పుడే అడిగి హామీపత్రంలో చేర్పించుకోవాలి.

ఇదే ఇబ్బందిని అమెరికాలో కొన్ని రాష్ట్రాలు గుర్తించాయి. అక్కడి వాడుకలో, కొన్నది మొదలు తరచు చెడిపోయే వస్తువును నిమ్మకాయ అంటారు. చెడిపోయే కార్లను కొన్నవారి కోసం చేసిన చట్టాలకు నిమ్మకాయ చట్టాలు అని పేరు వచ్చింది. 1990ల దశకంలో విస్కాన్సిన్ మొదలైన రాష్ట్రాలు ఇదే పద్ధతిని మోటారు చక్రాల కుర్చీలకు వర్తింపజేశాయి. విస్కాన్సిన్ చట్టం ప్రకారం తయారీదారు హామీ ఇచ్చినా ఇవ్వకపోయినా కుర్చీకి కనీసం ఒక సంవత్సరం హామీ ఉన్నట్లే. ఆ కాలంలో ఒకే లోపానికి నాలుగుసార్లు మరమ్మతు చేసినా బాగుపడకపోతే, లేదా కుర్చీ మొత్తం మీద 30 రోజులు వాడకానికి రాకుండా పోతే, దాన్ని మార్చి ఇవ్వాలి, లేదా డబ్బు తిరిగి ఇవ్వాలి. ఆ రోజుల్లో వేరొక కుర్చీ తెచ్చుకోవడానికి అయిన ఖర్చును కూడా తయారీదారు భరించాలి. ఇందులో గమనించవలసింది 30 రోజులు అనే మాట. ఆ చట్టం విరిగిన ఇనుమును మాత్రమే కాక, మనిషి పోగొట్టుకున్న రోజులను కూడా లెక్కపెట్టింది.

2022లో కొలరాడో రాష్ట్రం మరో అడుగు వేసింది. మోటారు కుర్చీల విడిభాగాలను, పనిముట్లను, మరమ్మతు వివరాల పుస్తకాలను కుర్చీ సొంతదారులకు, ఇతర మరమ్మతుదారులకు కూడా తయారీదారులు అందుబాటులో ఉంచాలని చట్టం చేసింది. కంపెనీ మనిషి వచ్చేదాకా కాచుకొని ఉండకుండా ఊళ్లోని మెకానిక్కే బాగుచేయగలగాలన్నది దాని ఉద్దేశం. మన ఊళ్లలో సైకిలు షాపువాడు చక్రాల కుర్చీ ట్యూబుకు పంక్చరు వేసి, కడ్డీలు బిగించి ఇవ్వడం అందరూ చూసేదే. విడిభాగాలు దొరికితే అటువంటి పనివాడి చేతిలో చాలా కుర్చీలు అదే రోజు ఇంటికి చేరుతాయి. అయితే హామీ గడువులో బయట మరమ్మతు చేయిస్తే హామీ రద్దవుతుందని కొన్ని పత్రాల్లో రాసి ఉంటుంది. ముందుగా చదివి చూసుకోవాలి.

మన దేశంలో చాలామంది పేదలకు పరికరాలు ప్రభుత్వం ద్వారా అందుతాయి. కాన్పూరులో 1972లో కేంద్రప్రభుత్వం కృత్రిమ అవయవాల తయారీ సంస్థను స్థాపించింది. దానిని అలింకో అంటారు. 1981 నుంచి అమలులో ఉన్న ఆడిప్ అనే పథకం కింద అర్హులైన వికలాంగులకు పరికరాలు ఉచితంగా గాని, తక్కువ ధరకు గాని ఇస్తున్నారు. వినియోగదారుల చట్టం ప్రధానంగా ధర చెల్లించి కొన్న వస్తువులకు సంబంధించినది. కాబట్టి ఉచితంగా వచ్చిన పరికరం చెడిపోతే మొదట దాన్ని ఇచ్చిన సంస్థకే దరఖాస్తు పెట్టాలి. శిబిరంలో పరికరం తీసుకునేటప్పుడే మరమ్మతు ఎక్కడ చేస్తారో అడిగి రాసుకోవాలి. ఉచితంగా ఇచ్చినది కదా, ఏమి అడుగుతామని సంకోచించనక్కరలేదు. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. హక్కులకు భంగం కలిగినప్పుడు రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేసుకునే వీలు ఆ చట్టం కల్పించింది. మన దేశం 2007లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక కూడా నాణ్యమైన సహాయక పరికరాలను అందుబాటు ధరలో పొందే వీలు కల్పించాలని చెబుతోంది. కదలగలగడం ఒకరు వేసే భిక్ష కాదు, మనిషి హక్కు.

హామీపత్రాలు చాలావరకు ఇంగ్లీషులో, సన్నని అక్షరాలలో ఉంటాయి. చదువురాని తల్లిదండ్రులు, కళ్లు కనపడని తాతలు వాటిని మడిచి ట్రంకుపెట్టెలో పెట్టేస్తారు, లేదా పారవేస్తారు. ఇంట్లో చదువుకునే పిల్లలు ఉంటే ఆ పత్రాన్ని వారికి తమ భాషలో చదివి వినిపించవచ్చు. గడువు ఎప్పుడు ముగుస్తుందో గోడమీది క్యాలెండరులో గుర్తుపెట్టవచ్చు. దుకాణదారు పత్రం మీద తేదీ వేసి, ముద్ర కొట్టి, సంతకం చేశాడో లేదో చూడవచ్చు. కుర్చీ మీద ఉన్న నంబరు, పత్రంలోని నంబరు ఒకటేనా అని సరిపోల్చవచ్చు. పది నిమిషాల పని ఇది. దీనివల్ల రేపు ఒక మనిషి ఇంటి మూలన కూర్చోవలసిన నెల రోజులు మిగలవచ్చు.

షోలాపూరు అమ్మాయి బడి మానకుండా ఉండడానికి కుర్చీ ఒక్కటే చాలదు. విరిగినప్పుడు బాగుచేసేవారు, మాట తప్పినప్పుడు అడిగేవారు, అడిగినప్పుడు వినేవారు కూడా ఉండాలి. చట్టం వినేవారిని ఏర్పాటు చేసింది. అడగడం వినియోగదారుల వంతు. అలా అడగడానికి బీరువాలో భద్రంగా ఉన్న ఒక బిల్లు, ఒక హామీపత్రం ఎంతో బలాన్నిస్తాయి.

అభ్యాసం

1. సహాయక పరికరాలు ఇతర వస్తువుల వంటివి కావని ఎందుకు చెప్పవచ్చు?
2. లోపం, అరుగుదల, కొలత కుదరకపోవడం – ఈ మూడింటికి గల తేడాలను ఉదాహరణలతో వివరించండి.
3. 2019 చట్టం వల్ల పక్క రాష్ట్రంలో వస్తువు కొన్నవారికి కలిగిన మేలు ఏమిటి?
4. “ఆ చట్టం మనిషి పోగొట్టుకున్న రోజులను కూడా లెక్కపెట్టింది.” ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
5. వినికిడి యంత్రం కొన్న నెలకే పనిచేయడం మానిందనుకొని, దాన్ని అమ్మిన దుకాణదారుకు ఒక లేఖ రాయండి.
6. మీ ఇంట్లో ఉన్న ఏదైనా ఒక వస్తువు హామీపత్రాన్ని చదివి, అందులోని ముఖ్యాంశాలను మీ పెద్దలకు తెలుగులో చెప్పండి.